హాల్లో పెద్ద టీవీ, దాని కింద వైర్ల గుంపు: ఎలా దాచాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం టీవీ గురించే. చూడటం గురించి కాదు, కనబడకుండా చేయడం గురించి. అందుకే మిగతావి వచ్చే సంచికకి అట్టిపెట్టి వీటన్నిటినీ ఒకచోట తీసుకున్నాను. దాదాపు ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను, పేర్లు వేయలేదు.

ప్రశ్న: మా హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగోడకి 65 అంగుళాల టీవీ. నడుస్తున్నప్పుడు బాగానే ఉంటుంది, ఆపేస్తే మాత్రం గోడకి పెద్ద నల్ల పలక తగిలించినట్టు ఉంటుంది. కింద సెట్ టాప్ బాక్స్, సౌండ్ బార్, పిల్లల గేమ్ కన్సోల్, రౌటర్, వీటన్నిటి వైర్లు. గోడ మొత్తానికి కబోర్డు కట్టి టీవీకి రెండు తలుపులు పెడదాం, మిగతావన్నీ కింద అరల్లో పెట్టి మూసేద్దాం అంటున్నాడు కార్పెంటర్. అడ్వాన్స్ ఇచ్చే ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుదామని రాస్తున్నాను. చేయించమంటారా?

జవాబు: అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగారు, మంచి పని చేశారు. ముందుగా ఒక చిన్న పని చేయండి. టీవీ కింద ఉన్నవన్నీ, అంటే బాక్సులు, వైర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, అన్నీ విప్పి ఒక్క గంట పక్క గదిలో పెట్టేసి, గుమ్మంలో నిలబడి గోడ వైపు చూడండి. చాలా ఇళ్లలో నేను గమనించింది ఏమిటంటే, కంటికి గుచ్చుకునేవి ఆ వేలాడే వైర్లు, తలో రంగు తలో సైజులో ఉన్న పెట్టెలు, రాత్రి దీపాలు ఆర్పాక మినుకుమినుకుమనే చిన్న లైట్లు. అవి పోయాక గోడ మీద మిగిలేది నున్నటి దీర్ఘచతురస్రం ఒక్కటే, దానితో సర్దుకుపోవడం మీరనుకున్నంత కష్టం కాకపోవచ్చు. ఆ గంట చూశాక కూడా తెర కనబడకూడదనే అనిపిస్తే అప్పుడు తలుపుల గురించి ఆలోచించండి.

తలుపుల లెక్క చెబుతాను. 65 అంగుళాలు అనేది మూల నుంచి ఎదుటి మూలకి కొలత. అసలు వెడల్పు సుమారు 57 అంగుళాలు, ఎత్తు 32. రెండు రెక్కలు పెడితే ఒక్కోటీ దాదాపు రెండున్నర అడుగులు వస్తుంది, తెరిచినప్పుడు ఆ రెండూ హాల్లోకి అంతమేరా పొడుచుకొచ్చి నిలబడతాయి, పక్క సోఫాలో కూర్చున్నవాళ్లకి సగం తెర తలుపు చాటున పడుతుంది. పూర్తిగా వెనక్కి మడిచి గోడకి ఆనించేలా బందులు వేయిస్తే ఆ ఇబ్బంది పోతుంది గానీ, అటు రెండున్నర అడుగులు ఇటు రెండున్నర అడుగులు గోడ ఖాళీగా ఉండాలి, టీవీతో కలిపి మొత్తం పది అడుగులు. పక్కకి జరిగే స్లైడింగ్ తలుపులకీ ఇదే లెక్క, ఆ పది అడుగుల్లో స్విచ్ బోర్డు, ఫొటో ఫ్రేము, మొక్క, ఏదీ అడ్డు రాకూడదు. ఒక్కో వైపు రెండు మడతలుగా ముడుచుకునే తలుపులైతే ఒక్కో ముక్క పదిహేను అంగుళాలే వస్తుంది కాబట్టి చోటు కలిసొస్తుంది, కాకపోతే పైన పట్టా గట్టిది వేయించాలి, లేదంటే కొన్నాళ్లకే రెక్క కిందికి వాలి అరకి రాసుకోవడం మొదలవుతుంది.

ఇంకో మాట మీరే మీ ఇంట్లో వాళ్లని అడిగి తేల్చుకోవాలి. టీవీ రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది? వారానికి రెండు సినిమాలు చూసే ఇంటికి తలుపులు చక్కగా పనికొస్తాయి. పొద్దున వార్తలు, మధ్యాహ్నం పెద్దవాళ్ల సీరియళ్లు, సాయంత్రం పిల్లల ఆటలు, రాత్రి మళ్లీ వార్తలు అయితే తలుపులు తీసేవాళ్లే తప్ప వేసేవాళ్లుండరు. మొదటి నెల శ్రద్ధగా వేస్తారు, తర్వాత అవి శాశ్వతంగా తెరిచే ఉంటాయి, అప్పుడు టీవీతో పాటు రెండు పెద్ద చెక్క రెక్కలు కూడా రోజంతా హాల్లో కనబడతాయి. మీ ఇంట్లో పిల్లలు గేములు ఆడతారని రాశారు కాబట్టి మీది ఈ రెండో రకం ఇల్లే అనుకుంటున్నాను.

అందుకని మీకు నా సలహా, టీవీకి తలుపులు వద్దు. వెనక గోడకి ముదురు రంగు వేయించండి. తెల్ల గోడ మీద నల్ల తెర ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, బొగ్గు రంగో ముదురు నీలమో ముదురు ఆకుపచ్చో ఉన్న గోడలో అదే తెర కలిసిపోతుంది. మెరుపు లేని మ్యాట్ పెయింటే అడగండి, మెరిసే రంగైతే కిటికీ వెలుగు గోడ మీద తళుక్కుమని మళ్లీ అటే చూపు లాగుతుంది. టీవీ ఒక్కటే ఒంటరిగా ఉండకుండా పక్కన నల్ల అంచు ఫ్రేములు మూడు నాలుగు హెచ్చుతగ్గులుగా పెట్టినా బాగుంటుంది.

ఇక దాచాల్సిన అసలు సరుకు, అదే బాక్సులూ వైర్లూ, వాటికి టీవీ కింద పొడవాటి పొట్టి యూనిట్ ఒకటి చేయించండి. కొలతలు ఇలా చూసుకోండి. సోఫాలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు 40 అంగుళాల ఎత్తులో ఉంటాయి, తెర మధ్యభాగం దాదాపు ఆ ఎత్తులో ఉంటే మెడ నొప్పి రాదు. మీ టీవీ ఎత్తు 32 అంగుళాలు గనక కింది అంచు 24 అంగుళాల దగ్గరికి వస్తుంది. యూనిట్ ఎత్తు 18 నుంచి 20 అంగుళాలు పెట్టించండి, మిగిలిన ఆ నాలుగైదు అంగుళాల సందులో సౌండ్ బార్ చక్కగా ఇమిడిపోతుంది. దాన్ని మాత్రం అరలో పెట్టి మూయకండి. గొంతు మూసినట్టు మాటలు బొంగురుగా వినిపిస్తాయి, పైకి ధ్వని పంపే స్పీకర్లున్న రకమైతే నెత్తి మీద చెక్క ఉండగా అవి ఉన్నా లేనట్టే.

లోతు దగ్గర కార్పెంటర్లు తరచూ పొరపాటు చేస్తారు. అర లోతు ఒక అడుగు చాలంటారు. సెట్ టాప్ బాక్స్ వరకు చాలుతుంది, కానీ గేమ్ కన్సోలో యాంప్లిఫయరో వస్తే పెట్టె ఒక్కటే 15, 16 అంగుళాలు ఉండొచ్చు, దాని వెనక వైరు వంగడానికి ఇంకో మూడు అంగుళాలు కావాలి. అందుకే లోపలి లోతు 19కి తగ్గకుండా రాయించుకోండి. చోటు చాలక పెట్టెని బలవంతంగా లోపలికి నెడితే హెచ్‌డీఎంఐ, అంటే పెట్టె నుంచి టీవీకి బొమ్మా శబ్దమూ తెచ్చే వైరు, దాని పిన్ను పక్కకి ఒత్తుకుపోతుంది, బొమ్మ మధ్యమధ్యలో నల్లగా పోయి వస్తుంటుంది, అందరూ టీవీ పాడైందనుకుంటారు.

వెనక చెక్క పూర్తిగా వేయొద్దని చెప్పండి. ముందు తలుపులకి నిండు ప్లైవుడ్ బదులు పేము అల్లికో, సన్నని చెక్క పట్టీల మధ్య సందులున్న డిజైనో పెట్టించండి. ఎందుకో కింది జవాబులో ఉంది, అది కూడా చదివాకే డ్రాయింగ్ ఖాయం చేయండి.

ప్రశ్న: కొత్త కబోర్డులో అన్నీ సర్దాం, చూడటానికి ఎంతో బాగుంది. కానీ రెండు వారాల నుంచి సాయంత్రం అయ్యేసరికి సెట్ టాప్ బాక్స్ హ్యాంగ్ అవుతోంది, దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోంది. రిమోట్ పని చేయాలంటే తలుపు తెరవాల్సిందే. వైఫై కూడా మెల్లగా వస్తోంది. మూడూ ఒకేసారి పాడవుతాయా?

జవాబు: ఏదీ పాడవలేదు, మూడింటికీ కారణం ఆ కబోర్డే.

ఇదే నా ఇంట్లోనూ జరిగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నాలుగు వైపులా మూసి, ముందు నల్ల అద్దం తలుపు పెట్టించుకుని మురిసిపోయాను. కొన్ని వారాలకి రోజూ ఏడు, ఎనిమిది గంటల మధ్య బాక్సు ఆగిపోవడం మొదలైంది. కంపెనీ వాళ్లొచ్చి బాక్సు మార్చారు, కొత్తదీ అంతే. ఒకరోజు విసుగొచ్చి దాన్ని బయటికి లాగుదామని చేయి పెడితే అడుగుభాగం పట్టుకోలేనంత కాలుతోంది, టార్చి వేసి చూస్తే దాని పైన ఉన్న అర చెక్కకి అతికించిన లామినేట్ అరచేయంత మేర బుడగలా లేచి ఉంది. వెనక చెక్కకి ఉన్న స్క్రూలు విప్పి తీసేశాను, అంతే, ఆ సాయంత్రం నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. అన్ని రోజులు టెన్షన్ పడింది ఎనిమిది స్క్రూల కోసం.

ఈ పెట్టెలు తీసుకునే కరెంటు చివరికి వేడిగానే బయటికి రావాలి. సెట్ టాప్ బాక్స్ పది, ఇరవై వాట్లే తీసుకుంటుంది, అయినా అది నిద్రపోతున్నట్టు కనబడినప్పుడు కూడా చాలావరకు వేడెక్కుతూనే ఉంటుంది. గేమ్ కన్సోల్ ఆట నడిచేటప్పుడు 200 వాట్ల దాకా తీసుకుంటుంది, మూసిన అరలో అంత వేడి అంటే ఎంతో మీరే ఊహించుకోండి. లోపలుండే కెపాసిటర్లకి, అంటే కరెంటుని కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలకి, వేడి పడదు, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు లెక్క వేసుకుంటారు. అంటే ఇప్పుడు హ్యాంగ్ అవడం చిన్న నష్టం, ఐదారేళ్లు రావాల్సిన వస్తువు మూడేళ్లకే పోవడం పెద్ద నష్టం.

వేడి గాలి పైకి పోతుంది, చల్లగాలి కింద నుంచి రావాలి. కాబట్టి ఒక్క పెద్ద రంధ్రం కన్నా కింద ఒక సందు, పైన ఒక సందు ఉంటే గాలి దానంతటదే కదులుతుంది. పెట్టె మీద పెట్టె పేర్చకండి, ఒక్కోదాని పైన కనీసం నాలుగు అంగుళాల ఖాళీ వదలండి. కన్సోల్, యాంప్లిఫయర్ లాంటివి ఉంటే చప్పుడు లేని చిన్న ఫ్యాను ఒకటి వెనక పెట్టించండి, వేడెక్కితే దానంతటదే తిరిగి చల్లబడితే ఆగిపోయేవి దొరుకుతాయి. ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగేలా ఉండాలి, అది పైభాగంలో ఉండాలి. చేశాక పరీక్ష ఏమిటంటే, గదిలో వాడే మామూలు థర్మామీటర్ అరలో పెట్టి, అన్నీ ఆన్ చేసి, తలుపు వేసి రెండు గంటలాగి చూడండి. గది కన్నా పది డిగ్రీలకి మించి ఎక్కువ చూపిస్తే ఇంకా గాలి కావాలని అర్థం.

రిమోట్ విషయం. మామూలు రిమోట్ పంపేది కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి రిమోట్ కొస దానికి చూపించి బటన్ నొక్కండి, లేత ఊదారంగు చుక్క మిణుకుమంటుంది, అదే. వెలుగు కాబట్టి చెక్కలోంచి పోదు, అద్దంలోంచి పోతుంది, పల్చటి స్పీకర్ గుడ్డలోంచి, పేము అల్లిక సందుల్లోంచి కూడా చాలావరకు పోతుంది. నిండు చెక్క తలుపే ఉంచుకోవాలంటే రిమోట్ ఎక్స్‌టెండర్ తెచ్చుకోండి. బఠాణీ గింజంత కన్ను ఒకటి బయట టీవీ అంచుకి అంటిస్తారు, అది పట్టుకున్న సంకేతం సన్నని వైరులో లోపలికొచ్చి, బాక్సు ముందు అంటించిన ఇంకో చిన్న బల్బు ద్వారా మళ్లీ వెలుగుగా మారుతుంది. బ్లూటూత్ రిమోట్లకి ఈ బాధ లేదు, రేడియో తరంగాలకి చెక్క అడ్డు కాదు. ఏది కొనేముందైనా టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ కంట్రోల్ అనే మాట కోసం వెతికి ఆన్ చేయండి, టీవీ కంపెనీని బట్టి పేరు మారుతుంటుంది, సీఈసీ అనేది దాని అసలు పేరు. అది కుదిరితే టీవీ రిమోట్ ఒక్కటే సౌండ్ బార్‌నీ కన్సోల్‌నీ కూడా నడుపుతుంది, లోపలి వస్తువులకి బయటి నుంచి ఏమీ చూపించక్కర్లేదు.

రౌటర్‌ని మాత్రం ఆ కబోర్డు నుంచి బయటికి తీసేయండి. చెక్క ఒక్కటే అయితే పెద్దగా నష్టం లేదు గానీ, పక్కన లోహపు పెట్టెలు, పైన టీవీ వెనకుండే పెద్ద రేకు, ఇవన్నీ కలిసి సంకేతాన్ని ఆపేస్తాయి. ముందున్నది అద్దం పూత వేసిన తలుపైనా, ఇనుప జాలీ అయినా ఇంకా ఘోరం. రౌటర్ ఎత్తులో, నలువైపులా ఖాళీగా ఉన్నచోట ఉండాలి. అది కనబడితే కనబడనివ్వండి, కావాలంటే పుస్తకాల అర మీద పుస్తకాల వరసకి పక్కన నిలబెట్టండి.

ప్రశ్న: ఇల్లు కడుతున్నాం, ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. టీవీ వైరు ఒక్కటి కూడా బయటికి కనబడకూడదు. ఇప్పుడే ఏమేం చేయించాలి?

జవాబు: అదృష్టవంతులు, ఈ దశలో అడిగేవాళ్లు తక్కువ. గోడకి రంగులు వేశాక అయితే గాడి కొట్టించడం, దుమ్ము, అతుకులు, అన్నీ భరించాలి.

టీవీ వచ్చే చోటు నుంచి కింద యూనిట్ వచ్చే చోటుకి గోడలో రెండు అంగుళాల పైపు ఒకటి వేయించండి. అంత లావెందుకని ఎలక్ట్రీషియన్ అంటాడు. హెచ్‌డీఎంఐ కేబుల్ సన్నగానే ఉంటుంది గానీ దాని తల వెడల్పుగా ఉంటుంది, కరెంటు వైర్లకి వేసే పైపులో ఆ తల దూరదు, దూరినా మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. మలుపు ఉంటే నిలువు ఎల్బో వేయకుండా నెమ్మదిగా తిరిగే వంపు వేయించండి. పైపులో నైలాన్ తాడు ఒకటి రెండు చివర్లా వేలాడేలా వదిలేయండి, ఈరోజు వేసిన కేబుల్ పదేళ్లకి పాతదైపోతుంది, అప్పుడు ఆ తాడుకి కొత్తది కట్టి లాగితే చాలు. కేబుల్‌ని నేరుగా ప్లాస్టరింగ్‌లో పూడ్చేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

కరెంటుకి వేరే పైపు. టీవీతో వచ్చే మెత్తటి పవర్ కార్డుని గోడలోంచి లాగి కిందికి తేవడం ప్రమాదం, ఆ వైరు గోడలో ఉండటానికి చేసింది కాదు, లోపల వేడెక్కినా తొడుగు చిట్లినా మీకు తెలియదు. అందుకే టీవీ వెనకాలే ప్లగ్ పాయింట్ పెట్టించాలి, అది కూడా గోడలోకి దిగి ఉండే రకం. దాని చోటు జాగ్రత్త. సరిగ్గా టీవీ మధ్యలో పెట్టించుకుంటారు చాలామంది, బిగించే రోజు చూస్తే స్టాండు ప్లేటు అక్కడికే వస్తుంది. పెద్ద టీవీల వెనక స్క్రూల మధ్య దూరం 300, 400 మిల్లీమీటర్లు, ఇంకా పెద్దవాటికి 600 దాకా ఉంటుంది, ఆ మేరంతా ప్లేటుదే. ప్లగ్ పాయింట్‌నీ పైపు నోటినీ ఆ ప్లేటుకి పక్కగా, టీవీ అంచుకి ఒక అర అడుగు లోపలగా వచ్చేలా గుర్తు పెట్టించండి. గోడ మీద టీవీ సైజులో పాత పేపర్లు అంటించి, వాటి మీద మార్కర్‌తో గీసి చూపిస్తే మేస్త్రీకి, ఎలక్ట్రీషియన్‌కి, మీకు ముగ్గురికీ ఒకే మాట అర్థమవుతుంది. ఆ కాగితానికి ఫొటో తీసి, నేల నుంచి కొలతలు కూడా రాసి పెట్టుకోండి, రేపు డ్రిల్ చేసేటప్పుడు వైరు ఎక్కడుందో చెప్పేది అదే.

యూనిట్ అయిదు మీటర్లకి మించి దూరంలో, పక్క గదిలోనో వెనక అలమారలోనో వస్తుంటే మామూలు హెచ్‌డీఎంఐ నమ్మకం కాదు, 4కే, అంటే బాగా స్పష్టమైన బొమ్మ, అంత దూరం నిలకడగా రాకపోవచ్చు. అలాంటప్పుడు ఫైబర్‌తో చేసిన హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి ఒక చివర టీవీది, ఇంకో చివర బాక్సుది, రెండిటి మీదా రాసి ఉంటుంది, తిప్పి వేస్తే బొమ్మ రాదు. పైపులోకి తోసే ముందు నేల మీద పరిచే రెండువైపులా కలిపి బొమ్మ వస్తుందో లేదో చూసి, ఆ తర్వాతే లాగండి.

ఇంకొకటి, 65 అంగుళాల టీవీ స్టాండు లేకుండానే ఇరవై కిలోలు దాటొచ్చు. వెనక గట్టి ఇటుక గోడైతే సరే, ఆ గోడకి జిప్సం బోర్డు ప్యానెల్ వేయించే ఆలోచన ఉంటే దాని వెనక చెక్క దుంగో మందపాటి ప్లైవుడ్డో ఇప్పుడే బిగించమనండి.

ప్రశ్న: అద్దె ఇల్లు. గోడకి మేకు కొడితే ఓనరు ఊరుకోడు. మాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉంది, డ్రిల్ లేకుండా సగానికి పైగా పని అయిపోతుంది. టీవీని పొట్టి బల్ల మీదే ఉంచండి, కాకపోతే వెనకనుంచి బెల్టుతో బల్లకి కట్టేయండి, పిల్లలు పట్టుకుని లాగితే మీద పడకుండా ఉంటుంది, ఇది అందం కోసం కాదు, తప్పకుండా చేయాల్సింది. బల్ల వెనక అంచుకి, లోపలివైపు, ఎక్స్‌టెన్షన్ బోర్డుని రెండువైపులా అంటుకునే టేపుతో బిగించండి. ప్రతి వైరుకీ ఎక్కువైన పొడవుని అక్కడే మడిచి వెల్క్రో పట్టీ కట్టండి, గోడ దాకా కనబడే వైరు ఒక్కటే మిగలాలి. ఆ ఒక్కదాని మీద గోడ రంగులో ఉన్న ప్లాస్టిక్ కేసింగ్ అంటించండి, ఖాళీ చేసేటప్పుడు టేపుని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి నెమ్మదిగా లాగితే చాలావరకు రంగు పోకుండా వస్తుంది. ఎక్స్‌టెన్షన్ వైరుని మాత్రం చుట్ట చుట్టి డబ్బాలో పెట్టి మూయకండి, కరెంటు పారుతున్న చుట్ట వేడెక్కుతుంది.

నెట్‌లోంచి సినిమాలు చూపించే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ వాడుతుంటే దాన్ని టీవీ వెనక దాచేస్తాం కదా, అక్కడ వైఫై సరిగా అందక సినిమా ఆగి ఆగి వస్తే దానితో ఇచ్చే బెత్తెడు హెచ్‌డీఎంఐ వైరు పారేయకుండా వాడండి, స్టిక్ టీవీ అంచు దాకా వస్తే చాలు.

ప్రశ్న: బటన్ నొక్కితే టీవీ పెట్టెలోంచి పైకి లేచే లిఫ్ట్ చూశాను. పెట్టించుకోమంటారా? మా టీవీ 65 అంగుళాలే.

జవాబు: చిన్న టీవీకైతే సరే అనేదాన్ని. మీ టీవీ ఎత్తు 32 అంగుళాలు, అది మునగాలంటే మోటారు, అడుగు అన్నీ కలిపి పెట్టె 36 అంగుళాలైనా ఉండాలి. తెర ఆ పెట్టె పైన లేస్తుంది కదా, అంటే తెర మధ్యభాగం నేల నుంచి 52 అంగుళాల దగ్గరికి పోతుంది, మీ కళ్ల కన్నా ఒక అడుగు పైకి. రోజూ రెండు గంటలు మెడ ఎత్తి చూడాలి. పడకగదిలో మంచం కాళ్ల వైపు పెట్టుకుని, ఆనుకుని చూసేవాళ్లకి అది నప్పుతుంది, హాల్లో సోఫాకి నప్పదు. మానేయండి.

ప్రశ్న: ఆపేసినప్పుడు పెయింటింగ్‌లా కనబడే టీవీలు ఎలా ఉంటాయి? మా పాత ఓఎల్ఈడీ టీవీలోనే ఒక బొమ్మ పెట్టి వదిలేస్తే సరిపోదా?

జవాబు: సామ్‌సంగ్ 2017లో ది ఫ్రేమ్ అనే పేరుతో ఈ రకం తెచ్చింది, తర్వాత వేరే కంపెనీలూ ఆ దారి పట్టాయి. చుట్టూ చెక్క రంగు ఫ్రేము, గోడకి ఆనుకునే స్టాండు, మెరుపు తగ్గించిన తెర, గదిలో వెలుతురుని బట్టి బొమ్మ వెలుగు తగ్గించుకునే సెన్సర్, ఇవన్నీ కలిస్తేనే అది పటంలా కనబడుతుంది. చాలా మోడళ్లలో వైర్లన్నీ వేరే పెట్టెలోకి పోయి, అక్కడి నుంచి టీవీకి ఒక్క సన్నని కేబులే వస్తుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. కాకపోతే బొమ్మ కనబడుతున్నంతసేపూ కరెంటు ఖర్చవుతుంది, గదిలో ఎవరూ లేనప్పుడు ఆగిపోయేలా సెట్టింగు పెట్టుకోవాలి.

మీ ఓఎల్ఈడీలో, అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం తెరలో, మాత్రం ఆ పని చేయకండి. ఒకే బొమ్మ గంటల తరబడి, రోజుల తరబడి నిలిస్తే దాని మరక తెర మీద శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. ఇంకో మాట, ఓఎల్ఈడీ టీవీలు రిమోట్‌తో ఆపేశాక లోపల తమ తెరని తామే సరిచేసుకుంటాయి, దానికి కరెంటు కావాలి. కబోర్డులో పెట్టి, ఆపిన వెంటనే గోడ దగ్గర స్విచ్ కూడా తీసేసే అలవాటుంటే మానుకోండి.

ప్రశ్న: అన్నీ దాచాం, రాత్రి పడుకునేటప్పుడు మాత్రం పేము జాలీలోంచి చుక్కల్లా లైట్లు కనబడుతున్నాయి. ఏం చేయను?

జవాబు: ముందు సెట్టింగుల్లో చూడండి, కొన్ని రౌటర్లలో, సౌండ్ బార్లలో లైటు ఆపే వీలుంటుంది. లేనివాటికి ఎలక్ట్రికల్ టేపు చిన్న ముక్క కత్తిరించి అంటించండి. పూర్తిగా చీకటైతే బాక్సు నడుస్తోందో లేదో తెలియదనుకుంటే తెల్ల టేపు వాడండి, దాన్లోంచి కొంచెం వెలుగు వస్తుంది. ఒక్క జాగ్రత్త, లైటు పక్కనే ముదురు ఎరుపో నలుపో ప్లాస్టిక్ కిటికీ చిన్నది ఉంటుంది, అది రిమోట్ కన్ను. టేపు దాని మీదికి పోనివ్వకండి. అంటించాక తలుపు వేసి, సోఫాలో కూర్చుని ఒకసారి రిమోట్ నొక్కి చూడండి.